ఎక్స్‌రే ఫిల్మూ, యాపిల్ ఆవకాయా

ఆ రోజుల్లో అమెరికాలో తెలుగువాడు కనబడితే అయితే డాక్టరు, కాకపోతే ఇంజనీరు అని అందరూ అనుకునేవారు. ఆ అనుకోవడంలో పెద్ద తప్పు కూడా ఉండేది కాదు. నా ఒక్కడి దగ్గరే లెక్క తప్పేది. నేను కెమిస్ట్రీ చదువుకుని, ఉత్తరాన పెద్ద సరస్సు పక్కన, ఏడాదిలో ఆరు నెలలు మంచు తవ్వుకోవడమే వ్యాయామంగా బతికే ఒక ఊళ్ళో, ఎక్స్‌రే ఫిల్ము తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం సంపాదించాను. "ఎక్స్‌రే ఫిల్ము కంపెనీలో పని" అని ఇంటికి ఉత్తరం రాస్తే, మా మేనత్త దాన్ని చదివి, అందులోంచి ఫిల్మునీ కంపెనీనీ ఎగరగొట్టేసి, "మావాడు అమెరికాలో ఎక్స్‌రే డాక్టరు" అని వీధంతా చెప్పుకొచ్చింది. ఆ వార్త నాకంటే వేగంగా ఇక్కడికి చేరింది కాబోలు, తెలుగువాళ్ళ భోజనాలకి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను పక్కకి తీసుకెళ్ళి నడుము చూపించేవారు. నేను ఫిల్ము చేస్తానంతేనండీ, ఫొటో తియ్యను, తీసింది చదవను అని మొత్తుకుంటే, ఒకాయన ఫిల్ము చేసేవాడికి దానిమీద ఏం పడుతుందో తెలియకుండా ఉంటుందా అని నన్నే కోప్పడ్డాడు. (తెలియదు. నేను చెప్పబోయేదంతా దాని గురించే.)

ఇంకో చిక్కేమిటంటే, మాది చీకట్లో చేసే పని. చదువుకుంటే జీవితంలో వెలుగొస్తుందని చిన్నప్పుడు మాస్టార్లందరూ చెప్పారు. చదువుకున్నందుకే నన్ను తీసుకొచ్చి చీకట్లో నిలబెట్టారు. ఎక్స్‌రే ఫిల్ము అంటే చెప్పడానికి పెద్ద బ్రహ్మవిద్య కాదు. లేత నీలం ప్లాస్టిక్ షీటు ఒకటి, దానికి రెండు పక్కలా జెలటిన్ పూత, ఆ పూతలో కంటికి ఆననంత చిన్న వెండి ఉప్పు పలుకులు. అసలు వెండిని యాసిడ్‌లో కరిగించి, ఆ నీళ్ళని బ్రోమైడ్ కలిపిన వెచ్చటి జెలటిన్‌లోకి సన్నటి ధారగా పోస్తుంటే ఆ పలుకులు పుడతాయి. తర్వాత వాటిని కడగాలి, మళ్ళీ వేడి చెయ్యాలి, ఆ వేడిలో పలుకులకి చురుకు పుట్టించే మందు ఒక్క చిటికెడు వెయ్యాలి. అప్పుడు గాని అది షీటుమీద పూయడానికి పనికిరాదు. ఆ చిటికెడు మందు వేసే గది మాది. గది మధ్యలో పెద్ద స్టీలు కెటిల్, దాని మీద తాడు లాగితే వెలిగే మసక ఎర్ర లైటు. ఆ ఎరుపుని ఫిల్ము గుర్తించదు కాబట్టి ఆ మాత్రం వెలుగుకి అనుమతి ఉండేది.

ఆ గదికి యజమాని అరవై దాటిన ఒక తెల్లాయన. పాతికేళ్ళకి పైగా అదే కెటిల్ ముందు నిలబడ్డవాడు. మా ఆవిడా నేనూ ఆయనకి చీకటి దొర అని పేరు పెట్టుకున్నాం. ఆయన ఆ ఎర్ర లైటు కూడా వేసేవాడు కాదు. మందు పక్కగదిలో వెలుగులోనే తూచుకుని తెచ్చుకునేవాడు. లోపలికొచ్చాక కెటిల్ ఎంత వేడెక్కిందో, మూత ఎటు తిరిగిందో ఆయన చేతులకే తెలుసు. నేను మాత్రం లోపల అడుగుపెట్టగానే తడుముకుంటూ వెళ్ళి ముందు తాడు లాగేవాణ్ణి. లేకపోతే నా కాళ్ళు ఎక్కడున్నాయో నాకే తెలిసేది కాదు.

మొదటిరోజు ఆ చీకట్లోనే ఆయన నాకు పాఠం చెప్పాడు. ఎక్స్‌రే కిరణం చర్మాన్నీ కండనీ పెద్దగా లక్ష్యపెట్టదు, దూసుకుపోతుంది, ఎముక దగ్గర ఆగిపోతుంది. అలా దాటి వచ్చిన కిరణాలు ఫిల్ముకి అటూ ఇటూ ఉన్న రెండు తెరలకి తగిలి వాటిని మెరిపిస్తాయి. ఆ మెరుపు తగిలిన వెండి పలుకుల్లో ఏదో చిన్న మార్పు వస్తుంది. పైకి చూస్తే ఏమీ కనబడదు, బొమ్మ మాత్రం అప్పటికే లోపల పడిపోయి ఉంటుంది. ఫిల్ముని ఒక మందులో ముంచితే మెరుపు తగిలిన పలుకులు నల్లబడతాయి, ఇంకో మందులో ముంచితే తగలనివి కరిగి కొట్టుకుపోతాయి. అందుకే మాంసం ఉన్నచోట నలుపు, ఎముక ఉన్నచోట తెలుపు. ఇదంతా చెప్పి ఆయన, "చూడు సన్, ఈ కెటిల్‌లో ఉన్నది ఇంకా ఎవరి ఎముకలూ చూడలేదు. అంతకుముందే అది ఇంకేదైనా చూసేసిందనుకో, ఫిల్మంతా బూడిదరంగు కమ్ముతుంది. ఆ బూడిద వెనకాల ఎవరి పక్కటెముక విరిగిందో డాక్టరుకి కనబడదు," అన్నాడు. దాన్ని అక్కడ ఫాగ్ అనేవారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మా ఇంట్లో మైల అన్న మాట పలికే గొంతులా ఉండేది. సెంటు పూసుకుని రాకూడదు, పౌడరు రాసుకోకూడదు, తలకి నూనె పెట్టకూడదు. మడిబట్టల్లాంటి తెల్లటి సూటు వేసుకుని, జుట్టుకి వల కట్టుకుని లోపలికి వెళ్ళాలి. మడికి భయపడి అంత దూరం పారిపోయి వచ్చినవాణ్ణి, ఈ మడి మాత్రం శ్రద్ధగా పాటించేవాణ్ణి.

జెలటిన్ ఎక్కడినుంచి వస్తుందో చెప్పలేదు కదూ. మా ఆవిడకీ చెప్పలేదు. అది ఆవుల ఎముకలనుంచీ తోళ్ళనుంచీ వస్తుంది. మనుషుల ఎముకల ఫొటో తియ్యడానికి ఆవుల ఎముకలు ఉడకబెట్టడమన్నమాట. మా ఆవిడ పెళ్ళయి అప్పుడే కొత్తగా వచ్చింది. అపార్ట్‌మెంట్‌లో కోట్లు తగిలించుకునే అలమరాని దేవుడి గది చేసింది. షాపుకి వెళితే ప్రతి డబ్బామీదా ఏమేం కలిపారో కూడబలుక్కుని చదివి గాని బుట్టలో వెయ్యదు. అలాంటి మనిషి ఒకరోజు, ఏమండీ, మీరు చెప్పే ఆ జెలటిన్ దేంతో చేస్తారు అని అడిగింది. ఒక రకం జిగురు అన్నాను. చెట్టు జిగురా అంది. అలాంటిదే అన్నాను. పెళ్ళయిన రెండో నెలలో ఆడిన ఆ చిన్న అబద్ధం తర్వాత నా పీకకి చుట్టుకుంటుందని అప్పుడు తోచలేదు.

ఆవిడ రాగానే చేసిన మొదటి మహత్కార్యం ఆవకాయ. ఆ మంచులో పచ్చి మామిడికాయలు ఎక్కడ దొరుకుతాయి? అందుకని ఆకుపచ్చ రంగు పుల్లటి యాపిళ్ళు ముక్కలు కోసింది. అమెరికన్ షాపులో పసుప్పచ్చ డబ్బాలో అమ్మే ఆవపొడి పట్టించింది. ఇండియానుంచి తెచ్చుకున్న కారం వేసింది. మూడోరోజు మూత తీస్తే పక్క అపార్ట్‌మెంట్ ముసలావిడ తలుపు కొట్టి అంతా క్షేమమేనా అని అడిగింది. యాపిల్ కాస్త మెత్తబడటం తప్ప వంక పెట్టడానికేమీ లేదు. రోజూ మధ్యాహ్నం డబ్బాలో పెరుగన్నం, పక్కన ఆవకాయ ముక్కా. అది తిని, చేతులు కడుక్కుని, తెల్లసూటు వేసుకుని చీకటి గదిలోకి వెళ్ళేవాణ్ణి.

కొత్త ఉద్యోగంలో నాకున్న ఉత్సాహం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కాంటీన్ బయట సలహాల పెట్టె ఒకటి ఉండేది. అమెరికన్లు దాన్ని కన్నెత్తి చూసేవారు కాదు. నేను మాత్రం వారానికి రెండు సలహాలు వేసేవాణ్ణి. (నా గ్రీన్‌కార్డు కాగితాలు కంపెనీవాళ్ళ చేతిలో ఉన్నాయి. ఆ పెట్టె పక్కనుంచి ఊరికే నడిచి వెళ్ళడానికి మనసొప్పేది కాదు.) నవంబరులో ఒక సలహాకి బహుమతి వచ్చింది. ఏదో సేఫ్టీ గురించిన సలహా. చేతిలో సర్టిఫికెట్ పెట్టి, చలికి బిగుసుకుపోయిన పెద్ద టర్కీ కోడిని ఒకదాన్ని చంకలో పెట్టారు. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి దేవుడి అలమరా ముందు పెడితే ఏమవుతుందో ఊహించుకుని, పార్కింగ్ లాట్‌లోనే చీకటి దొరకి దానం చేసేశాను. ఆయన నాలుగుసార్లు థాంక్యూ చెప్పాడు. తర్వాత ఆ సలహా సంగతే నేను మర్చిపోయాను.

ఒక మధ్యాహ్నం, కెటిల్ వేడెక్కేదాకా చేసే పనేమీ లేక, చీకటి దొర తన గురువు దగ్గర విన్న కథ ఒకటి చెప్పాడు. చాలాకాలం క్రితం ఫిల్ము ఉన్నట్టుండి మొద్దుబారిపోయిందట. అదే వెండి, అదే బ్రోమైడ్, అదే మనుషులు, చురుకు మాత్రం లేదు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ఆ జెలటిన్‌కి ఎముకలిచ్చిన ఆవులు మస్టర్డ్ మొక్క తినలేదట. ఆ మొక్కలో ఉన్న గంధకం లవలేశం జెలటిన్‌లోకి దిగితేనే వెండి పలుకులకి వెలుగుని పట్టుకునే చురుకు వస్తుందట. "మనం ఇప్పుడు చిటికెడు వేసే మందు అదే సన్. ఆవు కడుపులో జరిగేది చేత్తో చేస్తున్నాం. తక్కువైతే మొద్దు, ఎక్కువైతే ఫాగ్," అన్నాడు.

మస్టర్డ్ అని ఇంగ్లీషులో వింటే ఎవరికైనా హాట్‌డాగ్ మీద పసుప్పచ్చ చార గుర్తొస్తుందేగాని భయమెయ్యదు. నేను తెలివితక్కువగా దాన్ని మనసులో తెలుగు చేసుకున్నాను. మస్టర్డ్ అంటే ఆవ. ఆవ అంటే ఆవపిండి. ఆవపిండి అంటే ఆవకాయ. ఎక్కువైతే ఫాగ్. నేను ఆ మధ్యాహ్నం అన్నంలో తిన్నది చిటికెడు కాదు, గరిటెడు. అప్పటికింకా ఏమీ జరగలేదు గనక నవ్వుకున్నాను.

జనవరిలో జరిగింది. కెటిల్ దిగిన ప్రతిసారీ కొంచెం తీసి నమూనా షీటుమీద పూసి, ఏ వెలుగూ చూపించకుండానే కడిగి చూసేవారు. అది గాజులా తేటగా రావాలి. బూడిదరంగు వచ్చింది. ఆ వారంలోనే ఇంకోటి, పై వారం రెండు. నాకు వారంలో మూడురోజులు ఆ గదిలో పని, మిగతా రెండురోజులు లాబ్‌లో. కాగితం మీద తేదీలు రాసుకుని చూశాను. ఫాగ్ వచ్చినవన్నీ నేను గదిలో ఉన్న రోజులే. నేను లేని రెండురోజులూ ఫిల్ము అద్దంలా వచ్చింది. ఆ మూడురోజులూ నేను మధ్యాహ్నం ఏం తిన్నానో నాకు తెలుసు. నా ఊపిరి, నా చెమట, నా వేళ్ళు, అన్నీ ఆవ కక్కుతున్నాయని ఖాయం చేసుకున్నాను.

సైన్సు చదువుకున్నవాణ్ణి గనక పరీక్ష పెట్టాను. వారం రోజులు ఆవకాయ మానేశాను. అది చాలదేమోనని, ఒంట్లో మిగిలిపోయిన ఆవ పోయేదాకా కెటిల్ దగ్గరికే వెళ్ళకూడదని, జలుబు వంకపెట్టి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడేవాణ్ణి. చీకటి దొర ఒక్కడే పని చేసుకున్నాడు. ఆ వారం ఒక్క ఫాగ్ లేదు. ఇంకేం కావాలి? నేరం రుజువైపోయింది. (సైన్సు ఎక్కువ చదువుకోకపోతే ఇంత గట్టిగా తప్పులో కాలెయ్యడం కుదరదు.)

ఇంట్లో మా ఆవిడ డబ్బాలో వెనక్కొచ్చిన ఆవకాయ ముక్కలు చూసి మొదటిరోజు ఊరుకుంది. రెండోరోజు ఉప్పు ఎక్కువైందా అని అడిగింది. మూడోరోజు యాపిల్‌తో పెట్టానని వెక్కిరింపా అంది. నాలుగోరోజు కళ్ళు తుడుచుకుంది. నిజం చెప్పేద్దామంటే, ఆవ అంటే ఫిల్ముకి ఎందుకు పడదో చెప్పాలి. అది చెప్పాలంటే ఆవుల మేత దగ్గర మొదలుపెట్టాలి. ఆవులు ఫ్యాక్టరీలోకి ఎందుకొచ్చాయని ఆవిడ అడక్కుండా ఉంటుందా? అందుకని నాకు కడుపులో మంటగా ఉందని చెప్పాను. ఆవిడ మర్నాటినుంచి ధనియాల చారు పెట్టడం మొదలుపెట్టింది.

నేను గుమ్మంలో నిలబడి ఎంతకాలమని గడపను? పై వారం మళ్ళీ కెటిల్ దగ్గరికి వెళ్ళాను, ఆవకాయ తినకుండానే వెళ్ళాను, మళ్ళీ ఫాగ్ వచ్చింది. అయితే నా ఒంట్లోంచి ఇంకా పోలేదన్నమాట అనుకున్నాను. పుట్టినప్పటినుంచీ తిన్నది వారంలో పోతుందా? ఆ ఏడాది వెండి ధర మండిపోతోంది. పాడైన ప్రతి కెటిల్ గురించీ పైనుంచి కాగితాలు దిగుతున్నాయి. మేనేజరు నన్ను కనీసం అనుమానించలేదు. నేను కొత్తవాణ్ణి, మందు తూచేది నేను కాదు. ఆయన అనుమానం చీకటి దొర మీద పడింది. వయసైపోయింది, చూపు తగ్గింది, చిటికెడు అనుకుని రెండు చిటికెలు వేస్తున్నాడని ఆఫీసులో మాట పుట్టింది. ఆయన రిటైరవడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆ నాలుగు నెలలూ ఆయన్ని తీసుకెళ్ళి పెట్టెలు కట్టే చోట కూర్చోబెడతారని, సోమవారం నుంచే మారుస్తారని తెలిసింది. ఆ మాట విన్నరోజు ఆయన పక్కగదిలో తూకం ముందు నిలబడి, ఒకే మందుని నాలుగుసార్లు తూచడం చూశాను. నాలుగుసార్లూ ఒకే తూకం వచ్చింది. అయినా ఐదోసారి తూచాడు. పాతికేళ్ళు తన చేతుల్ని నమ్మినవాడు, ఆ రోజు నమ్మడం మానేశాడు. నాకు సిగ్గేసింది. అంత సిగ్గేసినా ఆ రోజు నోరు విప్పలేదు. మర్నాడూ విప్పలేదు. గ్రీన్‌కార్డు గుర్తొచ్చింది, ఊళ్ళో మేనత్త గుర్తొచ్చింది, ఆవకాయ తిన్నందుకు ఉద్యోగం పోయిన ఎక్స్‌రే డాక్టరుగా వీధిలో నడవడం గుర్తొచ్చింది.

శుక్రవారం పొద్దున్న, చిన్న సీసాలో నాలుగు ఆవకాయ ముక్కలు వేసుకుని మేనేజరు గదికి వెళ్ళాను. చీకటి దొర అక్కడే కూర్చుని బదిలీ కాగితం చదువుకుంటున్నాడు. నేను రాత్రంతా బట్టీపట్టిన ఇంగ్లీషులో, ఫాగ్‌కి కారణం నేనేనని, నా శరీరంలో మస్టర్డ్ మోతాదు మించి ఉందని, ఆయన తప్పేమీ లేదని చెప్పి, సాక్ష్యంగా సీసా బల్లమీద పెట్టాను. మేనేజరు నన్నూ సీసానీ చూసి, ఈ ఫ్యాక్టరీలో సగంమంది మధ్యాహ్నం మస్టర్డ్ పూసిన హాట్‌డాగే తింటారు, నేనూ తింటాను అన్నాడు. చీకటి దొర తనకి అది లేకపోతే ముద్ద దిగదన్నాడు. ఆ మాట నాకు మూడు వారాలుగా తట్టనేలేదు. మేనేజరు ఇక నన్ను పంపించేవాడే, కాని ఊరికే కుతూహలానికి సీసా మూత తీశాడు. వెంటనే కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. మూత పెట్టేసి, రుమాలుతో ముక్కు తుడుచుకుని, ఎందుకైనా మంచిది, దీన్ని టెస్ట్ చెయ్యండి అన్నాడు.

మా ఆవిడ చేతి ఆవకాయకి జరిగినంత మర్యాదగా ప్రపంచంలో ఏ ఆవకాయకీ విచారణ జరిగి ఉండదు. ముందు సీసా మూత తీసి కెటిల్ పక్కన పెట్టి, నన్ను అక్కడే నిలబెట్టి నమూనా చేశారు. బూడిద. నేను తలదించుకున్నాను. తర్వాత సీసా బయటికి పంపించి, నన్ను లోపల ఉంచారు. అప్పుడూ బూడిదే. ఆఖరికి నన్ను బయటికి పంపించి, సీసాని మూత తీసి లోపల ఉంచి, చీకటి దొర ఒక్కడే చేశాడు. అద్దంలా తేటగా వచ్చింది. మేనేజరు మూడు షీట్లూ వెలుగుకి పట్టి చూసి, ఆవకాయ నిర్దోషి అన్నాడు. ఫాగ్ వస్తున్నది ఈ మనిషి వల్ల, ఎందుకో తెలియదు అన్నాడు. అక్కడున్న వాళ్ళంతా నాకేసి, ఆవకాయకేసి మార్చి మార్చి చూశారు. మా ఇద్దరిలో ఆవకాయకే ఎక్కువ గౌరవం దక్కింది.

చీకటి దొర మాత్రం నా వంక చూడలేదు. గది తలుపుకేసి చూస్తూ, "సన్, నువ్వు లోపలికి రాగానే మొట్టమొదట ఏం చేస్తావు?" అని అడిగాడు. తాడు లాగుతాను అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే టర్కీ తెచ్చిన ఆ సేఫ్టీ సలహా ఏమిటో నాకు గుర్తొచ్చింది. ఆ గదిలో లైటు మరీ మసకగా ఉంది, మనుషులు తట్టుకుని పడతారు, ఇంకాస్త పెద్ద బల్బు పెడితే బాగుంటుందని రాసింది నేనే. క్రిస్మస్ సెలవుల్లో ఎవరో వచ్చి బల్బు మార్చి వెళ్ళారు. జనవరిలో నా కాళ్ళు నాకు కాస్త బాగా కనబడుతుంటే చీకటి అలవాటైందనుకున్నాను. ఎరుపైనా సరే, మితిమీరితే పలుకులు దాన్ని చూసేస్తాయి. చీకటి దొర ఎప్పుడూ ఆ లైటు వెయ్యడు. వేసేది నేనొక్కణ్ణే. నేను గోడకి ఆనుకుని నిలబడిన వారం ఫాగ్ రాకపోవడానికి కారణం నా ఉపవాసం కాదు, నా చెయ్యి తాడుకి అందకపోవడం.

బల్బు విప్పించారు. అందరూ దాన్ని చూశారు. ఇది ఎవరు మార్పించారు అని మేనేజరు అడిగాడు. పాఠకులు గమనించాలి, ఆ పొద్దున్నే నేను చెయ్యని తప్పు ఒప్పుకోవడానికి ఛాతీ విరుచుకుని వచ్చినవాణ్ణి. ఇప్పుడు చేసిన తప్పు నా ముందు టేబుల్ మీద ఉంది, ఇంకా వెచ్చగా ఉంది. నేను దానిమీద అచ్చేసిన అంకెలు చదువుతున్నట్టు తల వంచుకున్నాను. ఆవకాయ అయితే అమాయకత్వం అనుకుంటారు, బల్బు అయితే సర్టిఫికెట్ ఉంది. (ఆ సర్టిఫికెట్ మీద సంతకం మేనేజరుదే. ఆయనకీ గుర్తులేదు, లేక గుర్తొచ్చే ఊరుకున్నాడో.) అప్పుడు చీకటి దొర, ఎవరు మార్పిస్తేనేం, గది నాది, చూసుకోవలసింది నేను, అలాగే రాసుకోండి అన్నాడు. రాసుకున్నారు. బదిలీ కాగితం చింపేశారు. ఆయన తిరిగి కెటిల్ దగ్గరికి వచ్చాడు, కాని ఆయన ఫైల్లో, అన్నేళ్ళలో మొదటిసారి, గది పరిశీలనలో లోపం అని ఒక వాక్యం చేరింది.

ఆ సాయంత్రం మా ఆవిడకి ఆవులతో సహా మొత్తం చెప్పేశాను. ఆవిడ ఎముకల దగ్గర ముఖం చిట్లించుకుంది. అయినా ఆ ఫొటో వల్ల ఎవరి కాలో బాగవుతుంది కదా, పోనీలెండి అంది. నేను ఊపిరి పీల్చుకునేలోగా, "అయితే నా ఆవకాయ వల్ల ఫ్యాక్టరీ పాడైందని ఊళ్ళో దొరలందరికీ చెప్పొచ్చారా?" అని అడిగింది. ఆవుల విషయం ఆవిడ ఆ వారంలోనే మర్చిపోయింది. ఆవకాయని అనుమానించిన విషయం ఇప్పటికీ, ఎవరైనా భోజనానికి వస్తే, వడ్డిస్తూ చెబుతుంది.

నాలుగు నెలలూ రోజూ ఆ మనిషి పక్కన నిలబడ్డాను. రోజూ ఇవాళ చెప్పాలి అనుకునేవాణ్ణి. వెలుగులో ఆయన ముఖం చూస్తే మాట వెనక్కి పోయేది. ఆఖరివారంలో ఒక మధ్యాహ్నం, కెటిల్ ముందు, నేను కూడా అప్పటికి తాడు లాగడం మానేసి ఆయనలాగే చేతులతో పని చేసుకోవడం నేర్చుకున్నాక, ఒక్క మాట అన్నాను, ఆ బల్బు సలహా నాదే అని. కెటిల్‌లో గరిట తిరుగుతూనే ఉంది.

"తెలుసు," అన్నాడు. "ఆ టర్కీ తిన్నది నేనే కదా. దాని కాలికి కట్టిన కార్డు మీద దేనికిచ్చారో రాసుంది. చదివి నవ్వుకుని మర్చిపోయాను. నేను ఆ లైటు వెయ్యను గనక మళ్ళీ తలెత్తి చూడలేదు. వాళ్ళు రాసుకున్నది నిజమే సన్."

నేను సారీ చెప్పాను. ఇంకా ఏదో చెప్పబోయాను. వేడి సరిపోయింది, మందు అందుకో అన్నాడు. అందించాను. ఆయన వెళ్ళిపోయాక ఆ కెటిల్ నాకిచ్చారు. ఇంకో పదేళ్ళు దాని ముందు నిలబడ్డాను. ఆ తర్వాత దక్షిణాన, మంచు అంతగా పడని క్యారీ అనే ఊరికి వచ్చి మందుల కంపెనీలో, పుష్కలంగా లైట్లున్న గదిలో పనిచేశాను.

ఇప్పుడు నా వయసు చీకటి దొర వయసుని ఎప్పుడో దాటింది. సీసా పట్టుకుని మేనేజరు గదిలోకి వీరుడిలా నడిచిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, బల్బు ముందు నోరు పెగలని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే జాలేస్తుంది. ఇద్దరూ ఒకడేనని నమ్మడం కష్టం. క్యారీలో మా అమ్మాయికి పదహారేళ్ళప్పుడు, కారు ఎక్కడో తగిలించి వచ్చి, ఆ సంగతి చెప్పలేక హాల్లో నా కుర్చీ పక్కన చాలాసేపు నిలబడింది. "నానా, యు బిజీ?" అంది. బిజీ కాదమ్మా అని, లేచి వెళ్ళి లైటు ఆర్పి వచ్చి కూర్చున్నాను. అరనిమిషంలో అంతా చెప్పేసింది. అప్పటినుంచీ ఇంట్లో ఎవరైనా నా దగ్గరికి వచ్చి నసుగుతూ నిలబడితే అదే చేస్తున్నాను. కరెంటు బిల్లు గురించి డాడ్‌కి ఎందుకింత యావ అని పిల్లలు వాళ్ళమ్మని అడుగుతుంటారు.